మెల్లగా నాన్నా

తలుపుకు గడియ వేసి ఉంది, కిటికీలు మూసి ఉన్నాయి, గది నిండా మనుషులు మోకాళ్ళ మీద ఉండి గుసగుసగా ప్రార్థన చేసుకుంటున్నారు. ఇది యెరూషలేములోని మేడగది అని వనజకు ఎవరూ చెప్పకుండానే తెలుసు, యేసయ్యను సిలువ వేశాక శిష్యులు బయటికి రావడానికి జంకి దాక్కున్న గది. కాకపోతే మూలనున్నది వనజ గ్యాసు పొయ్యే, నేలన ఉన్నది ఆమె అద్దె పోర్షను గచ్చే, అయినా ఆమెకు వింతగా లేదు, కలలో ఏదైనా చెల్లుతుంది కదా. ఒక ముసలి జాలరి మొహం గోడకు తిప్పుకుని ఏడుస్తున్నాడు. యేసెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకిన పేతురు అయి ఉంటాడు.

వాళ్ళ మధ్యనే ఉన్నాడు వనజ నాన్న, పల్లె చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి ఏసోబు. పోయి అయిదు నెలలైంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు.

వనజ గుండె కలుక్కుమంటుంది. ఎలాంటి గొంతు అది! ముప్పై ఏళ్ళు మైకన్నది లేకుండా పల్లెనంతా నిద్రలేపిన గొంతు, దాన్ని నొక్కేసింది తనే. ప్రార్థనలు చేసుకునేవాళ్ళకు ఇల్లు ఇచ్చేది లేదని ఇంటావిడ మొహం మీదే చెబితే, "అబ్బే, మేం అలాంటివాళ్ళం కాదండీ" అని నవ్వుతూ తీసుకున్న మేడ మీది పోర్షను అది. జబ్బుపడి ఆ ఇంటికొచ్చిన నాన్న ప్రార్థనకు నోరు తెరిచినప్పుడల్లా, "మెల్లగా నాన్నా, కింద వింటారు" అంది. చివరి రోజునా అదే మాట. ఆయన తలూపి, పెదాలు కదుపుతూనే కన్నుమూశాడు. కింద తెలియకూడదని, శవాన్ని పల్లెకు చేర్చాకే ఆమె పాస్టరుగారికి కబురుపెట్టింది.

"నాన్నా, ఇప్పుడు గట్టిగా చేసుకో," అంటుంది వనజ.

"ఇక్కడా తలుపులేసుకునే ఉన్నారు గదే తబితా," అంటాడు ఆయన. బడి రిజిస్టరులో లేని ఆ బాప్తిస్మం పేరుతో ఆయనొక్కడే పిలిచేవాడు. "ప్రభువుతో కలిసి తిరిగినోళ్ళే ఇట్టా వణికిపోతంటే, నీకు భయం గాకుండా ఎట్టా ఉంటది?"

"అయితే నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. ఆ ఆఖరి పొద్దు నేను ప్రార్థన చేసింది నీ కోసమే. నా బిడ్డ భయం తీసెయ్యి ప్రభువా అని నోరారా అడుగుదామనుకున్నా. నువ్వేమో నా నోరు మూయించావు. సగంలోనే పోయా."

వనజకు ఏడుపు ముంచుకొస్తుంది. "మిగతాది ఇప్పుడు అడుగు నాన్నా, నీకు దండం పెడతా."

"పోయినోణ్ణి నేనేం అడిగేది? బతికున్నదానివి, నువ్వే అడుక్కోవాల."

గచ్చు పడవలా మెల్లగా ఊగుతుంది, గోడల మీద సముద్రపు వెలుగు ఆడుతుంది, అందరూ అలాగే గుసగుసలాడుతున్నారు. వనజ తల మీద కొంగు కప్పుకుని నాన్న పక్కన మోకరిస్తుంది. నోరు తెరిస్తే పెదాలు మాత్రమే కదులుతాయి. గోడవైపున్న ముసలాయన కళ్ళు తుడుచుకుని, ఇటు తిరిగి, ఆమెకు చోటిస్తూ కాస్త పక్కకు జరుగుతాడు. అంతే, "ప్రభువా, నా భయం తీసెయ్యి" అని ఆమె గావుకేక పెడుతుంది, తలుపు దబదబా మోగుతుంది.

మోగుతున్నది నిజం తలుపే. తెల్లగా తెల్లవారి ఉంది. వనజ లేచి గడియ తీసింది. గుమ్మంలో ఇంటావిడ.

"ఏంటమ్మా వనజా, ఆ కేకలేంటి? పీడకల గానీ వచ్చిందా?"

అవునని తలూపితే సరిపోయేది. వనజ కూడా ఊపబోయింది. నుదుటికి ఏదో తగిలి చేత్తో తడిమి చూస్తే, చీర కొంగు తల నిండా కప్పుకుని ఉంది.

"పీడకల కాదు పిన్నిగారూ, ప్రార్థన చేస్తున్నాను. మేం క్రైస్తవులమండీ. ఇల్లు తీసుకునేటప్పుడు మీకు అబద్ధం చెప్పాను. మా నాన్న ఉపదేశి."

ఇంటావిడ ఆమె తల మీది కొంగు వైపు చూసింది. వనజకు భయం పోలేదు, కొంగు మాత్రం తీయలేదు.