పొర లేని ట్యాంకు

కారితే బాగుండు, అనుకుంది, అనుకున్న మరుక్షణం నాలుక కరుచుకుంది, మనసులో మాట ఎవరికి వినిపిస్తుంది కనుక, గాజు అద్దం అవతల మంచు పట్టిన ట్యాంకు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది, కార్బన్ నారతో చుట్టింది, ఇద్దరు మోసేంత తేలిక, లోపల లైనర్ లేదు, అంటే లోగోడకి అంటించే పొర, లైనర్ లేకపోతే అంత చల్లటి ఇంధనం నిలవదని, ఆ చలికి గోడ వెంట్రుకవాసి చీలినా వాయువు జారిపోతుందని ఇన్నేళ్లూ పోరింది తనే, పల్చటి అల్యూమినియం రేకు వేసింది, అది ముడుచుకుని గోడని వదిలేస్తే ప్లాస్టిక్ పొర వేసింది, అది పెళుసెక్కితే ఇంకోటి, సంబంధాలు చూసినట్టు వంకలు పెడుతున్నావేమే వాటికి, అని అక్క నవ్వేది, అక్క ఇప్పుడు ఫోన్ చేస్తే తిన్నావా అని తప్ప అడగదు, అడిగినా తనేం చెబుతుంది, మీటింగులకి పిలవడం మానేశారే, ఇవాళ కూడా లీకులు చూసేవాడికి జ్వరమొచ్చిందని పిలిచారు, అని చెబుతుందా,

లీకు పసిగట్టే యంత్రం కుయ్యిమంది, పరీక్షకి ట్యాంకులో నింపిన హీలియం బయటికొస్తోంది, అంకె ఎగబాకుతోంది, అందరి తలలూ ఆమె వైపే తిరిగాయి, కారుతోందా మేడమ్, అన్నాడు ఆ ట్యాంకు చేసిన ఇంజనీరు, ముఖంలో నెత్తురు చుక్క లేదు, మళ్లీ లైనర్ వెయ్యాల్సిందేనంటారా, అబ్బ, ఈ మాట వినడానికే కదా, యంత్రానికి తగిలించిన చేతి గొట్టం పట్టుకుని అద్దం అవతలికెళ్లింది, ట్యాంకు గోడ పొడవునా మెల్లగా తిప్పింది, చప్పుడు లేదు, అడుగున లేదు, మూత మీది పైపు బిగింపు దగ్గరికి రాగానే యంత్రం గోల పెట్టింది, అక్కడా, గోడ కాదన్నమాట, నోరు మూసుకుంటే చాలు, ఇవాళ్టికి పరీక్ష ఆగిపోతుంది, రేపు తన బల్ల దగ్గరికి నలుగురు వస్తారు, కుర్చీలు లాక్కుంటారు, టీ చెబుతారు, కానీ నోరు అప్పటికే తెరుచుకుంది, నీ ట్యాంకు బంగారమయ్యా, బిగింపు వదులైంది, అంతే,

ఒత్తిడి తీసి బిగించారు, మళ్లీ నింపారు, అంకె కదల్లేదు, కేకలు, చప్పట్లు, ఒకళ్ల వీపు ఒకళ్లు చరుచుకోవడాలు, థాంక్స్ మేడమ్ అని గుమ్మం దగ్గర అతను వెనక్కి తిరిగి అన్నాడు, మీరూ రండి అనలేదు, మర్చిపోయి ఉంటాడు, సంతోషంలో ఎవరికి గుర్తుంటుంది, నవ్వులు వరండా చివరిదాకా వెళ్లి మలుపు తిరిగాయి, గొట్టం చుడుతూ నిలబడింది, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఏడుపు రాలేదు, పొరలు పోయాయని బాధే లేదు, అదే వింతగా ఉంది, పొర పాడైన ప్రతిసారీ ఈ గదిలో తలలన్నీ ఒక్క దీపం కిందికి వంగేవి, ఎక్కడ, ఇక్కడ చూడు, కాదు ఇటు, అని తోసుకునేవాళ్లు, ఇన్నేళ్లూ తను ప్రాణం పెట్టుకున్నది ఆ పొరల మీద కాదు, ఆ తలల మీద.