గుండీల కోసం చావనన్నవాళ్లు

హైడెల్‌బర్గ్‌లో చరిత్ర పరిశోధన చేస్తున్న ఫెలిషాకి ప్రొఫెసరు తేల్చి చెప్పేశాడు. కాలిమ్నోస్ దీవి నుంచి ముత్యపు చిప్పలు తీయడానికి ఆస్ట్రేలియా వెళ్ళిన గ్రీకు ఈతగాళ్ల అధ్యాయానికి మనిషి సాక్ష్యం తెస్తే సరి, లేదంటే కొట్టెయ్యాలి. దొరికిన కాగితాలన్నిటిదీ ఒకటే పాట: గ్రీకులు ఆ పనికి పనికిరాలేదు, మధ్యలో వదిలేసి పోయారు. నర్సాపురంలో సముద్రం చూస్తూ పెరిగిన పిల్లకి ఆ మాట మింగుడుపడలేదు.

వెతగ్గా వెతగ్గా కార్ల్స్‌రూహెలో ఇరీని దొరికింది. ఆ ఈతగాళ్లలో ఒకాయన కూతురు. తండ్రి సంస్మరణ రోజున ఇంటికి రమ్మంది. వెళ్ళి ఫెలిషా చేసిన ఘనకార్యం వినండి. ఉడికించిన గోధుమల్లో పంచదార, దానిమ్మ గింజలు కలిపి ఇరీని పొట్లం కట్టి ఇస్తే, చావింటి తిండి గడప దాటకూడదని బల్ల మీదే వదిలేసింది. అలాంటి ఇంట్లో "వెళ్ళొస్తాను" అనకూడదు కదా, చెప్పకుండానే వచ్చేసింది. పద్ధతంతా పాటించానని మురిసిపోయింది కూడా. ఆ తర్వాత ఇరీని ఫోనెత్తితే ఒట్టు.

"మన పద్ధతి ఆమెకెట్ల తెలుస్తది?" అంది గదిలో తోడుండే వరంగల్ వైశాలి. "టెర్మిన్ గిర్మిన్ అని అపాయింట్‌మెంట్ అడగకు. సక్కగ పోయి చెప్పు."

వెళ్ళి చెప్పింది. ఇరీని విని నవ్వేసింది. "మా నాన్న పేరు మీద పెట్టింది కాదన్నావనుకున్నాను. అది తింటేనే మాకు ఆయన్ని దీవించినట్టు. సరే, మీవాళ్ల ముందు సాక్ష్యం చెప్పడానికి ఎప్పుడు రమ్మంటావు?"

సెమినార్‌లో పెద్దావిడ ఇరీని మైకు ముట్టుకోలేదు. ఆ గొంతుకి అవసరమూ లేదు.

"అక్కడివాళ్లకి కావలసింది ముత్యాలు కాదు, చొక్కా గుండీలకి చిప్పలు. బురదనీళ్లు, పిచ్చి పోటు. తోటివాడు ఒకడు కిందే చచ్చిపోయాడు. మర్నాడు మళ్ళీ దిగమన్నారు. మా నాన్న దిగనన్నాడు. గుండీల కోసం చావనన్నాడు. దాన్ని మీరు చేతకానితనం అని రాసుకున్నారు. ఆయన తిరిగొచ్చాడు. వచ్చాకే నేను పుట్టాను."

హాలంతా లేచి నిలబడింది. "అధ్యాయం ఉంటుంది," అన్నాడు ప్రొఫెసరు, "మొదటి అధ్యాయంగా."

ఫెలిషాకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఇరీని సంచిలోంచి గోధుమల పొట్లం తీసి చేతిలో పెట్టింది. ఫెలిషా అక్కడే ఇంత నోట్లో వేసుకుని, మిగిలింది జాగ్రత్తగా మడిచి ఇంటికి పట్టుకెళ్ళింది.