పెద్ద అక్షరం లేని పాస్‌వర్డ్

తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాక ఆమె ఆఫీసుకు రావడం అదే మొదలు. ఎదురైనవాళ్ళు గొంతు తగ్గించి పలకరించారు. అందరికీ "ఊఁ" అంది. కుర్చీలో కూర్చుని, సగంలో వదిలేసిన పని తెరిచింది. ఆ కోడ్ ఇంకెవరో రాసినట్టు అనిపించింది.

పని చిన్నదే. ఒక గ్రంథాలయం సైటులో కొత్త సభ్యులు పాస్‌వర్డ్ కొడుతుంటే కింద గీత రంగు మారాలి. తేలికదైతే ఎరుపు, గట్టిదైతే ఆకుపచ్చ.

దాన్ని పరీక్షించే టెస్టరును అందరూ భూతద్దం అంటారు. ఆవిడ కంట పడని తప్పుండదు.

"ఇదిగో, తెలుగులో ఎంత పొడుగు వాక్యం కొట్టినా ఎర్రగీత పోవట్లేదు. ఇంగ్లీషు క్యాపిటల్ లాంటి పెద్ద అక్షరం ఒకటి ఉండాల్సిందేనట! తెలుగులో పెద్ద అక్షరం ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్? నీ ఫారం మా ఆయనకంటే మొండిది తల్లీ."

ఇక్కడ నవ్వాలని ఆమెకు తెలుసు. నవ్వు రాలేదు.

"చూస్తానక్కా."

పెద్ద అక్షరం నియమం తీసేసింది. దాని బదులు పాస్‌వర్డ్ పొడవు చూసేలా, అందరూ వాడే మాటలైతే ఒప్పుకోకుండా ఉండేలా మార్చింది. సరిచూడడానికి ఒక తెలుగు వాక్యం కావాలి. చేతికి వచ్చింది కొట్టేసింది.

"అక్కా నా చార్జరు నువ్వే తీశావు కదూ"

గీత ఆకుపచ్చగా మారింది. పక్కన "చాలా గట్టిది" అని వచ్చింది.

అప్పుడు చూసుకుంది ఏం కొట్టిందో. పొద్దున లేస్తే పక్క గదిలోంచి వాడి కేక అదే. పన్ను పీకించుకున్నాక మొద్దుబారిన చెంపను తడుముకున్నట్టు, లోపల ఎక్కడైనా నొప్పి ఉందేమోనని వెతుక్కుంది. ఏమీ తగల్లేదు.

భూతద్దం వంగి తెర చదివింది.

"నీ అసలు పాస్‌వర్డ్ కాదు కదా ఇది?"

"కాదక్కా. మా తమ్ముడి మాట."

ఆవిడ మెల్లగా, "తీసేద్దామా?" అంది.

"వద్దు. పరీక్షకు బాగానే ఉంది. ఉండనీ."

భూతద్దం తన కుర్చీ ఇటు లాక్కుని, సాయంత్రం దాకా ఆమె పక్కనే కూర్చుని పని చేసుకుంది. ఇద్దరూ కలిసి ఆఖరిసారి అన్నీ సరిచూసి ఫారాన్ని సైటులో పెట్టారు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ సోఫాలో ఉంది.

"ఇవాళ ఏడ్చావా?" అని అడిగింది.

"లేదమ్మా."

"నేనూ ఏడవలేదు."

ఆమె చెప్పులు విప్పి అమ్మ పక్కన కూర్చుంది. టీవీలో ఎవరో వంతెన కట్టడం గురించి చెబుతున్నారు. అది అయిపోయేదాకా ఇద్దరూ చూశారు.