వీర్నపల్లి రాతిపువ్వు

జగిత్యాలలో బాటనీ చెప్పే సుమిత్రను పోలీసులు సిరిసిల్ల బస్సులోంచి దింపేసరికి ఎండ ఇంకా ముదరలేదు. 1988లో ఆ దారిన నక్సలైట్ల కోసం సోదాలు మామూలే. ఆమె సంచిలో ఉలి, సుత్తి, కాగితం పొట్లాలు దొరికాయి. ఇన్‌స్పెక్టర్ ఒక పొట్లం విప్పాడు. లోపల బూడిదరంగు పొలుసులు.

"ఏంది మేడం ఇది?"

"రాతిపువ్వు జాతి. బండల మీద పెరుగుతది. హైదరాబాద్ హెర్బేరియంల గిట్లాంటియి ఎండబెట్టి, పేర్లు రాసి దాచి పెడతరు."

పొట్లం మీది రాత అతను పైకి చదివాడు. "వీర్నపల్లి దగ్గరి గుట్ట, ఉత్తరపు అంచు, ఊట పక్కన. ఏ గుట్ట?"

సుమిత్ర పొట్లం వైపు చూసింది. నిన్న ఆ ఊట దగ్గర తన పాత విద్యార్థిని సత్యవ్వ కనిపించింది. పక్కన తుపాకీ పెట్టుకుని, లేవలేని జ్వరంతో పడుకుని ఉంది. "నన్ను చూసినట్టు చెప్పకు మేడం" అని మాత్రం అడిగింది.

"నక్కల గుట్ట," అంది సుమిత్ర. అది అసలు గుట్టకు ఎదురుదిక్కున ఉంది.

"పా, చూపియ్యి."

ఎక్కుతున్నంతసేపూ ఆమె చూపు అవతలి గుట్ట వైపే లాగుతుంటే నేలమీదికి దించుకుంది. పైన నీటి చుక్క లేదు.

"ఊటేది?"

"చెమ్మ జాగ గనుక గట్ల రాసిన. వానకాలం పారుతది."

"బండ గోకు."

ఉలితో గోకింది. రాలింది పసుపుపచ్చది. అతను రెండూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రంగు వేరున్నది."

"కోసినంక రంగు పోతది."

పొట్లం, పెన్ను చేతికిచ్చాడు. "గుట్ట పేరు మరిచినవ్. రాయి."

రాసింది. వదిలేశారు. పొట్లం పంపకపోతే అనుమానపడతారని, ఆ తప్పుడు పేరుతోనే హైదరాబాద్ పంపింది. ఆ వారమంతా ఆమె కుదురుగా ఒక పాఠం చెప్పలేకపోయింది. చివరికి సత్యవ్వ తల్లి నాగవ్వ కోరుట్ల నుంచి వచ్చి, "బిడ్డ గుట్ట దిగిందట, బతికున్నదట" అని చెప్పి వెళ్లింది. అయినా బస్సు ఆగిన చోటల్లా సుమిత్ర సంచిని ఒళ్లోకి లాక్కునేది.

ఏళ్ల తర్వాత, గొడవలు సద్దుమణిగాక, హెర్బేరియం నుంచి నర్సింగం అనే పరిశోధకుడు వచ్చాడు.

"నక్కల గుట్ట అంత తిరిగిన మేడం. మీ రాతిపువ్వు యాడా దొరకలే."

"అక్కడ ఉండదు," అంటూ సుమిత్ర అసలు గుట్ట పేరు చెప్పింది.

"పొట్లం మీది పేరు మారిస్తే కారణం రాయాలె."

ఆమె కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చింది.

"ఆ గుట్ట మీద నా స్టూడెంటు జ్వరంతోటి పండుకున్నది. పోలీసులకు దొరకొద్దని తప్పు చెప్పిన. గట్లనే రాయి."

నర్సింగం అట్లాగే రాశాడు.