ఎర్ర రీలు

ఎవరి పెళ్ళాం ఏం చేసినా అచ్చిబాబుకి పట్టదు. తన పెళ్ళాం గాలం విసిరితే మాత్రం ఒళ్ళు మండుతుంది. నవ్వొచ్చే సంగతే గానీ, మంట మంటే కదా. రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్లో కమీషన్ కొట్టు, చేతినిండా పని, పదిమందిలో మాటకి విలువ. ఇన్ని ఉన్న మనిషి ఒక ఆదివారం రాత్రి పండుగప్ప పులుసు ముందు కూర్చుని ముద్ద మింగలేక అవస్థ పడ్డాడు. ఉప్పూ కారమూ అన్నీ సరిపోయాయి. ఆ చేపని పట్టింది పెళ్ళాం వీరవేణి, అంతే.

మొదటినుంచీ చెప్పాలి. అచ్చిబాబుకి గాలం పిచ్చి. వెదురుకర్రకి వానపాము గుచ్చి గట్టున కునికిపాట్లు పడే గాలం కాదు. కార్బన్ రాడ్డు, దాని మీద బెయిట్‌కాస్టర్ అనే రీలు, దారం చివర రబ్బరు చేప. దాన్ని దూరంగా విసిరి, బతికున్న చేపలా ఆడిస్తూ లాగితే పండుగప్ప మోసపోయి మింగుతుంది. చెప్పినంత తేలిక కాదు. విసరగానే రీలులో దారపు చుట్ట గిర్రున తిరుగుతుంది. బొటనవేలిని దానికి ఆనీ ఆననట్టు ఉంచి, రబ్బరు చేప నీళ్ళని తాకే వేళకి సరిగ్గా ఆపాలి. రవ్వంత ఆలస్యమైతే దారమంతా లోపలే ఉబ్బి చిక్కుబడిపోతుంది. దాన్ని గాలం జట్టువాళ్ళు పిచ్చుకగూడు అంటారు. అచ్చిబాబుకి ఆ వేలు కుదరడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాదంతా వాళ్ళ దొరబాబు చేత తిట్లు తింటూనే ఉన్నాడు.

దొరబాబుది రాజోలు దగ్గర కొబ్బరితోట. గాలం జట్టుకి పెద్ద దిక్కు అతనే, మోటారు పడవా అతనిదే. వశిష్ఠ గోదారి మీద ఎక్కడ ఏ వేళకి పండుగప్ప తిరుగుతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతను ఎవర్నీ ఊరికే మెచ్చుకోడు. ఇన్నేళ్ళలో అచ్చిబాబుని ఒక్కసారి, "పర్లేదురా, చెయ్యి తిరిగింది" అన్నాడు. ఆ ఒక్క మాటని అచ్చిబాబు కొట్టుకొచ్చే రైతులందరికీ చెప్పుకున్నాడు.

ఆదివారమైతే ఇంటిపట్టున ఉండరని వేణి సణుగుతుంటే, అయితే నువ్వూ రమ్మని అచ్చిబాబే అన్నాడు. ఒడ్డున కూర్చుని ఫలహారాలు పెడుతుందనుకున్నాడు పాపం. అతను ఉప్మా తింటుంటే ఆవిడ రాడ్డు తీసుకుని అటూ ఇటూ చూసి, ఒక్కసారి విసరనా అండి అంది. విసిరింది. దారం ఎక్కడా చిక్కుబడలేదు. మళ్ళీ విసిరింది, అదీ అంతే. నరసాపురం వైపు పిల్ల, పెళ్ళయ్యేదాకా వాళ్ళమ్మ పక్కన కూర్చుని లేసు అల్లింది. దారం ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో ఆ వేళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. దొరబాబు నోట్లో ఉప్మా నములుతూ ఆగిపోయి, "ఏరా అచ్చీ, ఇన్నాళ్ళూ చెల్లెమ్మని ఇంట్లో ఎందుకు దాచావురా?" అన్నాడు.

అచ్చిబాబు అందరితోపాటు నవ్వాడు. పళ్ళు నవ్వాయి, కడుపు నవ్వలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నాలుగో ఆదివారం వేణి అతని రాడ్డుతోనే, అతని రీలుతోనే, అతను అప్పటిదాకా ఎన్నడూ పట్టనంత పండుగప్పని పట్టింది. ఆ చేపతో వేణి దిగిన ఫొటో జట్టు వాట్సాప్‌లో పడింది. అందరూ చెల్లెమ్మ, వదినగారు అంటూ పొగడ్తలు కురిపించారు. రాడ్డు ఎవరిదో ఒక్కడైనా అడగలేదు. అచ్చిబాబు ఆ పొగడ్తలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి మళ్ళీ చదివాడు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏంటో అతనికి ఆ వేళ తెలిసొచ్చింది. పరాయివాడి మీద అసూయైతే కొట్టు కట్టేశాక మర్చిపోవచ్చు. ఇది ఇంట్లో మనిషి, కాఫీ గ్లాసు చేతికిచ్చే మనిషి. పోనీ పైకి ఒక మాట అందామన్నా, పెళ్ళాం మీద ఏడ్చాడంటే ఊరంతా నవ్వదూ?

కొత్త రీలు సంగతి దొరబాబే లేవదీశాడు. రాబోయే అమావాస్యకి అంతర్వేది దగ్గర, గోదారి సముద్రంలో కలిసేచోటికి పడవ తీస్తానని, ఈలోపు చెల్లెమ్మకి ఒక బెయిట్‌కాస్టర్ కొనిపెట్టమని అందరిముందూ చెప్పాడు. మరీ చవకదీ మరీ ఖరీదైనదీ వద్దు, మధ్యరకం చాలన్నాడు. ఆ పడవ ప్రయాణం కోసం అచ్చిబాబు రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆ నీళ్ళలో అందరూ చూస్తుండగా పెద్ద చేపని లాగాలనీ, దొరబాబు చేత ఇంకో మాట అనిపించుకోవాలనీ అతని ఆశ. ఇప్పుడు పక్కన వేణి ఉంటే తన వైపు ఎవడు చూస్తాడు? ఆవిడ రాకూడదు. వద్దని తను అనకూడదు. ఆవిడంతట ఆవిడే మానెయ్యాలి.

రాజమండ్రిలో జాషువా కొట్టుకి వెళ్ళారు. జాషువా అచ్చిబాబుకి తెలిసినవాడే, సరుకు అమ్మడంకన్నా మంచి చెప్పడానికి ఎక్కువ ఇష్టపడే రకం. ధరలో పెద్ద తేడా లేని రెండు రీళ్ళు బల్ల మీద పెట్టాడు. నలుపుదానికి పక్కన ఒక మీట ఉంది. అది తిప్పితే లోపలి అయస్కాంతం చుట్టని పట్టి ఆపుతుంది, వేలు తప్పినా దారం చిక్కుబడదు. ఎర్రది తేలిక, పిడి ఒక్క చుట్టు తిప్పితే బోలెడు దారం లాగుతుంది, కానీ బ్రేకు నామమాత్రం, వేణి ఇన్నాళ్ళూ విసిరిన అచ్చిబాబు రీలుకున్నంత కూడా లేదు. కొత్తవాళ్ళకి నలుపుదే మేలని చెప్పి, ఇంకొకరికి దారం కొలిచి ఇవ్వడానికి అవతలికి వెళ్ళాడు.

వేణి రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని బరువు చూసింది. పిడులు తిప్పింది. ఆవిడ మొహంలో చీర కొనేటప్పటి వెలుగు లేదు, అంతకన్నా ఎక్కువే ఉంది. "మీరే చెప్పండి. మీరు ఏదంటే అదే," అంది.

అచ్చిబాబు గోడకి తగిలించిన రాడ్ల వైపు చూస్తూ, "ఎర్రది తీసుకో. నీ చేతికి బ్రేకులెందుకు?" అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఇదే. పొగిడినట్టే ఉంది, పని కానిచ్చినట్టే ఉంది. వేణి అతని మొహంలోకి కాసేపు చూసి, సరేనండి అంది. ఎర్రది కట్టమనేసరికి జాషువా ఏదో చెప్పబోయాడు గానీ, అచ్చిబాబు అప్పటికే ఫోన్‌తో డబ్బు కొట్టేశాడు.

వారం తిరక్కుండానే అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. ఎర్ర రీలు వేణిని ఏడిపించింది. విసిరితే చాలు, లోపల పిచ్చుకగూడు. రాజోలు గట్టు మీద జట్టు ముందర వరసగా చిక్కుబడింది. ఒకసారి దారం తెగి రబ్బరు చేప ఒక్కటీ ఎగిరి గోదారి పాలయింది. ఒకడు కిసుక్కుమన్నాడు. వేణి ఎవరి వైపూ చూడకుండా చెట్టు కింద కూర్చుని, సంచిలోంచి లేసు సూది తీసి, కొక్కెంతో ఒక్కొక్క ముడే విప్పుకుంది. అచ్చిబాబు ఆ పూట ఒక మోస్తరు పండుగప్పని పట్టాడు. దొరబాబు భుజం తట్టాడు. ఇంటికొచ్చి అచ్చిబాబు పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

మరుసటి ఆదివారం వేణి, "నేను రానండి, మీరు వెళ్ళిరండి," అంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందంది. ఇంకేం అడగలేదు, అడిగితే ఏం చెబుతుందోనని భయం. కారెక్కాక ఈల వేసుకున్నాడు. అయితే గట్టు మీద నిలబడి విసురుతుంటే, ఎంత బాగా పడినా, అటు తిరిగి చూపించుకోవడానికి ఎవరూ లేరనిపించింది. ఛీ, ఇదేం రోగం అనుకుని మళ్ళీ విసిరాడు.

అమావాస్య దగ్గరపడింది. ఒకరోజు లోడు త్వరగా వెళ్ళిపోవడంతో అచ్చిబాబు మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. పెరట్లో జుయ్‌మని చప్పుడు, ఆ వెంటనే ఠంగుమని ఇంకో చప్పుడు. ఇంటి పక్కనుంచి నెమ్మదిగా వెళ్ళి చూశాడు. వేణి చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడి ఉంది. చేతిలో ఎర్ర రీలు, దారం చివర సీసపు గుండు. పెరడు దాటి, ఖాళీ స్థలం దాటి, ఆ చివర ప్రహరీ దగ్గర ఇత్తడి బేసిన్ పెట్టుకుంది. విసిరింది. గుండు వెళ్ళి బేసిన్‌లో పడింది. రీలుకున్న ఆ నామమాత్రపు బ్రేకు కూడా తీసేసి ఉంది. ఆపేది వేలొక్కటే. అంత దూరం అచ్చిబాబు జన్మలో విసరలేదు. బ్రేకు లేని రీలు లొంగనంతసేపే శత్రువు, లొంగిందా, నలుపుదానికన్నా ఎంతో దూరం పోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. కుళ్ళులో మర్చిపోయాడు.

వేణి వెనక్కి తిరిగింది. అచ్చిబాబు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఏదో ఒకటి అనాలి కదా అని, నలుపుది కూడా కొనుక్కుందాం, అది సుఖంగా ఉంటుంది అని గొణిగాడు.

"ఆ రోజు జాషువాగారు చెప్పింది నాకూ వినబడిందండి," అంది వేణి. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "మీరు ఎర్రదన్నారు. నా మొహం చూడకుండా అన్నారు. అప్పుడే తెలిసింది."

"తెలిసి ఎందుకు తీసుకున్నావే?"

"ఇంటికెళ్ళేలోపు చెబుతారనుకున్నాను. ఇంటికొచ్చాక చెబుతారనుకున్నాను. అందరిముందూ నవ్వులపాలయ్యాక అయినా చెబుతారనుకున్నాను. 'నాకు కుళ్ళుగా ఉంది వేణీ, నువ్వు రావద్దు' అని ఒక్క మాట అంటే నవ్వుకుని మానేసేదాన్ని. ఎర్రదైనా నలుపుదైనా నాకేంటి? మీరేమో పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు." దారం చుట్టుకుంటూ అంది, "ఇప్పుడు మానను."

అచ్చిబాబు క్షమించమని అడగొచ్చు. అడగలేదు, ఎందుకంటే నిజం చెప్పాలంటే అప్పుడు కూడా అతని కళ్ళు ఆ బేసిన్ వైపే ఉన్నాయి, ఎన్ని గజాలుంటుందా అని.

అమావాస్య నాడు తెల్లవారుతుండగా పడవ అంతర్వేది దాటింది. దొరబాబు ముందు పీటని చూపించి చెల్లెమ్మా ఇలా రా అన్నాడు. ఆ పీట మీద అచ్చిబాబు రెండేళ్ళుగా కన్నేశాడు. వేణి వెళ్ళి అక్కడ కూర్చుంది. అచ్చిబాబు వెనక కూర్చున్నాడు. సముద్రపు పోటు లోపలికి తోస్తోంది, నీళ్ళు రెండు రంగుల్లో కలుస్తున్నాయి. ఆ రంగులు కలిసే గీతకి అటువైపు, నీళ్ళు సుడి తిరిగి చేపలు ఎగురుతున్నచోటికి అతను విసిరాడు. సగం దూరంలో పడింది. వేణి విసిరింది. ఆవిడ దారం అతని దారం పడినచోటు మీదుగా సాగి సాగి, ఆ సుడి నడిబొడ్డున దిగింది.

ఏదో లాగింది. రాడ్డు విల్లులా వంగింది. నీళ్ళు పగిలి ఒక పండుగప్ప నోరు తెరుచుకుని గాల్లోకి లేచింది. అంతటి చేపని అచ్చిబాబు కలలో కూడా పట్టలేదు. పడవలో అందరూ లేచారు, దొరబాబు గొంతు పోయేలా వదులు, వదులు అంటున్నాడు. వేణి వదలాల్సినప్పుడు వదిలింది, పట్టాల్సినప్పుడు పట్టింది. చివరికి చేప అలిసి పడవ పక్కకి వచ్చింది. పిడి ఉన్న వల అచ్చిబాబు కాళ్ళ దగ్గరే ఉంది.

వల తియ్యకపోతే ఏమవుతుంది? చేప ఒక్కసారి తల విదిలిస్తే దారం తెగుతుంది, ఎవరూ తనని తప్పుపట్టరు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది, సిగ్గేసినా ఆలోచన పోలేదు. అప్పుడు వల తీసుకుని ఆవిడ పక్కకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవిలో చెప్పినట్టు కాదు, దొరబాబుకీ వినబడేట్టే అన్నాడు.

"నాకు కుళ్ళుగా ఉంది వేణీ."

వేణి నీళ్ళ మీదనుంచి చూపు తిప్పలేదు.

"తెలుసండి. వల దించండి."