మేనమామ కత్తెర

అబద్ధమైతే ఒక్కసారి ఆడితే సరిపోతుంది. దాచిన నిజాన్ని మాత్రం రోజూ దాచాలి, పొద్దున లేచి మళ్లీ మొదటి నుంచి. కోరుట్లలో గీత ఆ పని ఏడాదిన్నరగా చేస్తోంది. అలవాటు కూడా పడింది. అత్త సత్యవ్వ కువైట్ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచిన రోజుతో ఆ అలవాటు కాస్తా పోయింది.

సత్యవ్వ నాలుగేళ్లు కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసింది. ఆమె పోకముందే కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పిందని ఫోన్ రాగానే, శుక్రవారం సెలవుకు అక్కడి చర్చికి వెళ్లి వేలాంకణి మాత పటం ముందు మోకరిల్లింది. బిడ్డ నిలిస్తే పుట్టు వెంట్రుకలు నీ పెద్దగుడికి తెచ్చి నీ ముందే తీయిస్తా తల్లీ, అప్పటిదాకా చాయ్ ముట్టను అని మొక్కుకుంది. చాయ్ మానడమంటే సత్యవ్వకు ఆషామాషీ కాదు. ఒక పూట అన్నం లేకపోయినా ఓర్చుకునే మనిషే గానీ చాయ్ పడనిదే ఆమెకు తెల్లవారేది కాదు.

కొడుకు పుట్టాడు. వేలాంకణి మాతను ఆరోగ్యమాత అని కూడా అంటారు. ఆమె ఇచ్చిన బిడ్డ కనుక ఆరోగ్యరాజు అని పేరు పెట్టి జ్ఞానస్నానం ఇప్పించారు. రుద్రంగిలో ఉండే గీత తల్లి లక్ష్మవ్వ శివుడిని కొలిచే మనిషి. ఆ పేరులో రాజు ఒక్కటే పట్టుకుని, వేములవాడ రాజన్న ఇచ్చిన పిల్లగాడని ఊరంతా చెప్పుకుంది. పేరు ఒక్కటే అయినా ఎవరి రాజు వాళ్లకు దొరికాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

పదకొండో నెలలో పిల్లవాడికి జ్వరం పట్టుకుంది. గీత భర్త రమణ మస్కట్‌లో, అత్త కువైట్‌లో. జగిత్యాల దవాఖానలో ఆరు రోజులు గీత పిల్లవాడి కాలు పట్టుకుని కూర్చుంది. లక్ష్మవ్వ వచ్చి మంచం పక్కన నిలబడి, జ్వరం దిగితే తలనీలాలు ఇస్తామని రాజన్నకు మొక్కింది. జ్వరం దిగింది. ఇంటికొచ్చిన మూడో రోజే అందరూ వేములవాడ పోయారు. గీత తమ్ముడు వేణు పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని మేనమామగా మొదటి కత్తెర వేశాడు. మిగిలింది మంగలి తీశాడు.

గీత వద్దనలేదు. ఆమెను ఇప్పటికీ తినేది అదే. ఎవరూ రెక్క పట్టి లాక్కుపోలేదు. ఇది వేరే తల్లికి మొక్కిన జుట్టు అనే మాట నోటిదాకా వచ్చింది. పిల్లవాడు బతికాడన్న సంతోషంలో తనే మింగేసింది.

ఆ తర్వాతి శుక్రవారం అత్త వీడియో కాల్ చేసింది. మే నెల. కోరుట్ల రోడ్డు మీద తారు కరుగుతోంది. పిల్లవాడి నెత్తిన ఉన్ని టోపీ.

"గింత ఎండల టోపీ ఏందే వానికి?"

"సర్ది చేసింది అత్తమ్మా."

"పైలం బిడ్డా. వాని జుట్టుకు కత్తెర తాకనియ్యకు. అది మాతది."

"గట్లనే అత్తమ్మా."

ఆ సర్ది ఐదు నెలలు తగ్గలేదు. జుట్టు చెవుల మీదికి వచ్చాకే టోపీ దిగింది.

ఇప్పుడు పిల్లవాడికి రెండున్నరేళ్లు. జుట్టు మెడ దాటింది. సత్యవ్వ వచ్చింది మొదలు రోజూ సాయంత్రం వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని నూనె రాసి, ఎర్ర రిబ్బనుతో పిలక కడుతుంది. వాకిట్లో పోయేవాళ్లు ఆడపిల్లా అని అడిగితే ఆమెకు పండగే. "మొక్కు జుట్టు, పుట్టెంటికలు" అని గర్వంగా చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా లోపల గిన్నెలు తోముతున్న గీత చేయి ఆగిపోతుంది.

ప్రయాణం ఏర్పాట్లు జోరుగా సాగాయి. సెప్టెంబరు ఉత్సవానికి జనం మీద జనం పడతారట, అందుకని అక్టోబరు. కాజీపేటలో మద్రాసు రైలు ఎక్కాలి, అక్కడి నుంచి నాగపట్నం, ఆ పైన బస్సు. మాతకు చీర పెట్టాలని సత్యవ్వ కోడలిని వెంటబెట్టుకుని సిరిసిల్ల పోయింది. దుకాణంలో చీరలన్నీ గీత ముందుకు నెట్టింది.

"నువ్వే ఎంచు బిడ్డా. నీ కడుపు నిలబెట్టింది ఆ తల్లి."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంది? బస్సులో చెబుదామనుకుని గీత నీలం అంచు తెల్ల చీర చూపించింది. బస్సులో సత్యవ్వ ఒడిలో చీర పెట్టుకుని కునికింది. ఇంటికి పోయాక అనుకుంది. ఇంటికి పోయాక పొద్దున అనుకుంది. పొద్దున అత్త కోడలికి చాయ్ పోసిచ్చి, తను మాత్రం వేడినీళ్లు తాగుతూ ఎదురుగా కూర్చుంది. ఆ వేడినీళ్ల గ్లాసు చూసి గీత మధ్యాహ్నం అనుకుంది. పిరికిదానికి ముహూర్తాలు ఎక్కువ.

ఆదివారం చర్చిలో పూజ అయ్యి ఇంటికొచ్చాక సత్యవ్వ ఫోన్ తీసింది.

"టికెట్లు చేసే ముందు వేణును అడగాలె. మాత ముందైనా మేనమామ మేనమామనే. వాని ఒళ్లె కూసోవెట్టుకొని మొదటి కత్తెర వేణే ఎయ్యాలె."

అంటూనే వేణు నంబరు నొక్కింది. వేణు మనసులో ఏదీ దాగదు. మళ్లీ ఎందుకత్తమ్మా, ఒకసారి ఏసిన గదా అంటాడు. ఫోన్ స్పీకర్‌లో మోగుతోంది. ఒకటి, రెండు.

"అత్తమ్మా, అవి పుట్టెంటికలు కావు."

సత్యవ్వ తల తిప్పి చూసింది.

"జరమొచ్చినప్పుడు మా అవ్వ రాజన్నకు మొక్కింది. వేములవాడల తీసినం. వేణే కత్తెరేసిండు. నేను అక్కడనే ఉన్న, వద్దనలే."

"హలో, అత్తమ్మా, చెప్పుండ్రి" అని ఫోన్‌లో వేణు గొంతు వినబడింది.

"ఏం లేదు వేణూ. మళ్ల చేస్త" అని సత్యవ్వ ఫోన్ పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"టోపీ గందుకేనా?"

గీత తల ఊపింది. జుట్టు పోయినందుకు కాదు, ఆ టోపీకి సత్యవ్వ ముఖం చిన్నబోయింది. మూడు వేల కిలోమీటర్ల అవతల ఒక వంటింట్లో నిలబడి మనవడి సర్దికి ప్రార్థన చేసిన ముఖం అది. ఆ ప్రశ్న అడిగే కన్నా ఆమె ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండేదని గీతకు అనిపించింది.

"తప్పయింది అత్తమ్మా. వేలాంకణిల ఇసుక బాట మీద మోకాళ్ల మీద నడుస్తరట గదా. గుడి దాకా నేను నడుస్త."

"మోకాళ్లు నీయి బిడ్డా. మాట నాది" అంది సత్యవ్వ. గొంతులో కోపం లేదు. "పిల్లగాడు పానాల మీదికొస్తె ఏ తల్లైనా ఎటైనా ఉరుకుతది. గా ముచ్చట నాకు ఎరుకే. ఒక్క ఫోన్ చేస్తె అయిపోయేది. మాతను అడిగి వేరే మొక్కుకుందును. అయినంక అడిగేదేముంటది?"

"మరి పోవుడు?"

"పోవుడు పోదాం. ముఖం చూపిచ్చి చెప్పుకొని వద్దాం. చీర గూడ కొన్నం గదా."

ఆ సాయంత్రం ఆమె పిల్లవాడికి నూనె రాసింది. పిలక కట్టింది. వాకిట్లో ఎవరో ఆడపిల్లా అని అడిగితే, కాదు పిల్లగాడే అని మాత్రం చెప్పి ఊరుకుంది.

మర్నాడు పొద్దున గీత ముందే లేచి చాయ్ పెట్టింది. అల్లం దంచి వేసింది. రెండు గ్లాసుల్లో పోసి ఒకటి అత్త ముందు పెట్టింది. దాచేది ఏమీ మిగల్లేదు కనుక ఇక మొక్కు కూడా లేనట్టేనని ఆమె లెక్క.

సత్యవ్వ ఆ గ్లాసును పక్కకు జరిపి, వేడినీళ్లు తెచ్చుకుంది.

"అత్తమ్మా, ఇంకెందుకు?"

"పుట్టెంటికలు తీపిచ్చేదాక ముట్టనన్న. అవి ఇగ లేవు గదా, ఏం తీపియ్యాలె?" కోడలి ముఖం చూసి, గ్లాసు ఆమె వైపు నెట్టింది. "నువ్వు తాగు. సల్లారుతది."

అత్త ఎదురుగా కూర్చుని వేడినీళ్లు ఊదుకుంటుంటే గీత ఆ చాయ్ గుక్కగుక్కగా తాగింది. రేపు కూడా తాగాలి.