గడ్డం ఎత్తు కర్ర

మరుగుదొడ్డి తలుపు తీసి, గోడ పట్టుకుని నీలిగోళ్ళాయన అన్నాడు. "ఇవాళ చిక్కగా వచ్చిందే. రెండుసార్లు ముంచిన ఎరుపు."

ముప్పై ఏళ్ళు మిల్లు రంగులగదిలో తొట్లు కలిపినవాడు. తన ఒంట్లోంచి పడే రక్తానికైనా ఛాయ చెప్పకుండా ఉండలేడు. గోళ్ళ మొదళ్ళలో నీలం ఇంకా పోలేదు. అతను మిల్లులో రంగు కలిపిన కర్రను భార్య పాత దుప్పటి ముక్కలో చుట్టి చేతికిచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితం తిప్పింది. "మీ మూత్రాశయంలోని గడ్డ ముక్కని పరీక్షకి పంపాం కదా. దాని గుణానికి సరిపడే మాత్రలున్నాయి. అందరికీ పనిచెయ్యవు, మీకు పనిచెయ్యొచ్చు."

"నా కొలతకి కుట్టిన చొక్కా అన్నమాట! ఈ వయసులో దక్కింది."

"కానీ రక్తం బాగా తగ్గిపోయింది. ఇవాళే చేరండి, ఎక్కించాలి."

"నాలుగింటికి పనుందమ్మా. రేపొస్తా." ఆమె ఇచ్చిన మాత్రల డబ్బా జేబులో వేసుకుని లేచాడు.

బయటికి రాగానే భార్య చెయ్యి పట్టుకుంది. "పగకి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోకయ్యా."

"రంగులవల్ల జబ్బొస్తే మిల్లు పరిహారం కట్టాలని, ఆ మేనేజరు నన్ను గేటు కాపలావాడని రాశాడే! నాతో తొట్టి కలిపిన నలుగురూ ఈ జబ్బుతోనే పోయారు. వాళ్ళనీ అలాగే రాశాడు. ఇవాళ వెళ్ళకపోతే విచారణ మూసేస్తారు."

వానలో తడుస్తూ మిల్లుకు చేరారు. విచారణకొచ్చిన అధికారి ఎదుట మేనేజరు కర్రను చూసి పెదవి విరిచాడు. "ఏ పొయ్యిలోదో పట్టుకొచ్చాడు సార్."

"రంగులగదిలో ఎవడి కర్ర వాడిదే సార్. చేరినరోజే గడ్డం ఎత్తుకి కోస్తారు. పొడుగైతే భుజాలు పడిపోతాయి, పొట్టిదైతే రంగు మొహాన చిందుతుంది."

కర్రను నిలబెట్టి పక్కన నిలుచున్నాడు. మిల్లంతటికీ పొట్టివాడు. కొన సరిగ్గా అతని గడ్డం కింద ఆగింది.

"తమరూ ఓసారి నిలబడండి మేనేజరుగారూ. బొడ్డు దాటితే చెప్పండి."

అధికారి నవ్వు ఆపుకుని రాసుకున్నాడు.

"పోయిన నలుగురి కర్రలూ రంగులగది మూలనే ఉన్నాయి సార్. వాళ్ళ ఆడవాళ్ళని పిలిచి ఎత్తులు అడగండి."

మేనేజరు మొహం పాలిపోయింది. నీలిగోళ్ళాయన తనివితీరా చూశాడు. "ఈ ఛాయ నేనెప్పుడూ తియ్యలేదు," అన్నాడు.

"కర్ర సాక్ష్యం. ఈ బల్లమీదే ఉండనీ, సీలు వేయిస్తా," అన్నాడు అధికారి.

బస్సులో భార్య భుజం మీద తల వాల్చాడు. "రేపు పొద్దున్నే పోదాం ఆస్పత్రికి," అన్నాడు. వీధి మలుపు దగ్గర ఆమె, "దిగాలి, లేవయ్యా," అని కుదిపింది. మళ్ళీ కుదిపింది. అతని జేబులో మాత్రల డబ్బా మూత విప్పకుండానే ఉంది.

మిల్లులో, మేనేజరు బల్లమీది తెల్లగుడ్డలోకి, వానకి నానిన కర్రలోంచి ఎరుపు మెల్లగా దిగుతూనే ఉంది.